ఇంట్లో బాగానే పాడతాను, సభలో గొంతు వణుకుతుంది: ఆరు వారాల్లో ఏం చేయాలి?

వర్ణం_కూకట్‌పల్లి అడిగారు:

అందరికీ నమస్కారం. కర్ణాటక గాత్రం నేర్చుకుంటున్నాను. వయసు 34, ఉద్యోగం మాదాపూర్‌లో. ఆరు వారాల్లో చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో మా గురువుగారి శిష్యుల కార్యక్రమం ఉంది. నాకు ఇచ్చింది 25 నిమిషాలు. వయొలిన్, మృదంగం ఉంటాయి. సాయంత్రం ఆరున్నరకు మొదలవుతుంది, నాది రెండో వంతు.

ఇంట్లో తంబూరా పెట్టుకుని పాడితే ఏ ఇబ్బందీ లేదు. నలుగురి ముందు కూర్చుంటే మాత్రం నోరు ఎండిపోతుంది, తాళం వేసే చెయ్యి వణుకుతుంది, ఎత్తుకున్న వేగం రెండు ఆవర్తనాలకే (తాళం రెండు చుట్లకే) పరుగందుకుంటుంది, తారస్థాయిలో (పై స్థాయిలో) శ్రుతి నిలవదు. చరణంలో ఉన్నట్టుండి సాహిత్యం గుర్తు రాదు. "ధైర్యంగా పాడు, ఏం కాదు" అని అందరూ అంటారు. ఆ ధైర్యం తెచ్చుకోవడానికి రోజూ ఏం చేయాలో ఎవరూ చెప్పరు. సాధనలో ఏం మార్చుకోవాలి, ఆ రోజు ఏం తినాలి, ఏం తాగాలి, మధ్యలో మర్చిపోతే ఎలా బయటపడాలి, ఈ మూడూ తెలిసినవాళ్లు వివరంగా చెప్పగలరా?


స్వరజతి (గాత్రం టీచర్, మల్కాజిగిరి):

అమ్మా, మీరు రాసినవి ఐదు ఇబ్బందుల్లా కనిపిస్తున్నా వాటి మూలం ఒక్కటే. మంది ముందు కూర్చోగానే ఒంట్లో అడ్రినలిన్ పెరుగుతుంది. గుండె వేగంతోపాటు మనలో ఉండే కాలం కొలత కూడా మారిపోతుంది. అందుకే మీకు మామూలుగా తోచిన నడక మృదంగం వాయించే ఆయనకు పరుగులా వినిపిస్తుంది. మెడ, దవడ, భుజాలు బిగుసుకుంటే స్వరపేటిక పైకి లేస్తుంది, తారస్థాయి పట్టేసినట్టవుతుంది. ఈ ఉధృతి ఎంతోసేపు ఉండదు. చాలామందికి మొదటి రెండు మూడు నిమిషాలే గండం. భయం పోయాక పాడదామని ఎదురుచూడకండి. భయం ఒంట్లో ఉండగానే మొదటి మూడు నిమిషాలు నడిచిపోయేలా కచేరీని కట్టుకోవాలి.

ముందు పాటల ఎంపిక. జనం ఎదురుగా ఉన్నప్పుడు బాగా అలవాటైన పని ఇంకా బాగా వస్తుంది, సగం వచ్చిన పని ఇంకా చెడుతుంది. 1965లో రాబర్ట్ జాయన్స్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త ఈ సంగతి విడమరిచి చెప్పారు. సంగీతం పాఠాలు చెప్పేవాళ్లకు ఇది ఏటా కళ్లముందు కనిపిస్తూనే ఉంటుంది. కాబట్టి కొత్తగా నేర్చుకున్న కృతి ఎంత ముద్దొచ్చినా ఈసారికి వద్దు. కనీసం ఏడాదిగా నోట్లో నలిగినవే తీసుకోండి. 25 నిమిషాలకు వర్ణం (కచేరీ మొదట్లో పాడే రచన) ఆరు నిమిషాలు, చిన్న కృతి ఐదు, కాస్త పెద్ద కృతి కొద్దిపాటి కల్పనస్వరాలతో (అప్పటికప్పుడు అల్లి పాడే స్వరాలతో) పది, చివర ఒక చిన్నది రెండు మూడు నిమిషాలు చాలు. మిగిలిన సమయం శ్రుతి చేసుకోవడానికి పోతుంది. కల్పనస్వరాలు భయపెడుతుంటే తీసేయండి, ఎవరూ తప్పు పట్టరు. మొదటి పాట ఎత్తుగడ మధ్యస్థాయి షడ్జం (స), పంచమం (ప) మధ్యలో ఉండాలి. తారషడ్జంతో మొదలయ్యే వర్ణం ఆ సమయంలో గొంతుకు శిక్షే. ఇంట్లో పాడే శ్రుతినే సభలోనూ పెట్టుకోండి. ఎవరో అన్నారని అక్కడికక్కడ అర శ్రుతి మార్చవద్దు.

ఇక కాలప్రమాణం, అంటే పాట నడిచే వేగం. ప్రతి పాటలో స్వరాలు అన్నిటికన్నా కిక్కిరిసిన సంగతి (పాదాన్ని మార్చి మార్చి పాడే తీరుల్లో ఒకటి) ఉంటుంది. అది నిమ్మళంగా పలికే వేగాన్ని లయ కొట్టే పరికరం మెట్రోనోమ్‌లో చూసి, ఆ అంకెను పుస్తకంలో పాట పేరు పక్కన రాసుకోండి. సభలో పల్లవి ఎత్తుకునే ముందు ఆ సంగతిని ఒక ఆవర్తనం మనసులో పాడుకుని, ఆ వేగానికే చెయ్యి వేయండి. భయంలో వేగం పెరగడమే తప్ప తగ్గడం అరుదు. రాసుకున్న అంకె కంటే మూడు నాలుగు తక్కువలో మొదలైనా నష్టం లేదు. వర్ణంలో ఇది మరీ ముఖ్యం. మొదటి కాలం కొంచెం ఎక్కినా రెండో కాలంలో (రెట్టింపు వేగంలో) గమకాలు (స్వరాల ఊపులు) నలిగిపోతాయి, దాంతో భయం రెట్టింపవుతుంది.

వణికే చేతికి ఒక ఉపాయం. ముంజేయి తొడమీద ఆనించి, వేళ్లతో కాకుండా అరచేయి మొత్తంతో తాళం వేయండి. సన్నని కదలికల్లో వణుకు బయటపడుతుంది, పెద్ద కండరాల కదలికలో కలిసిపోతుంది. వేళ్లు లెక్కపెట్టేటప్పుడు కూడా మణికట్టు తొడను వదలకూడదు.

సాధనలో ఈరోజు నుంచే మార్చవలసింది ఇది. గొంతు వేడెక్కాక, మీ అపార్ట్‌మెంట్‌లో రెండు మూడు అంతస్తుల మెట్లు గబగబా ఎక్కి రండి. తంబూరా ముందే మోగుతూ ఉండాలి. వచ్చి కూర్చుని అర నిమిషంలోపు వర్ణం ఎత్తుకోండి. గుండె కొట్టుకుంటూ ఉండగా, ఊపిరి పూర్తిగా కుదుటపడకుండా పాడటం గొంతుకు తెలియాలి. నిశ్శబ్దంగా ఉన్న గదిలో, హాయిగా ఉన్న ఒంటితో మాత్రమే చేసిన సాధన సభలో అక్కరకు రాకపోవడానికి కారణం ఇదే: అక్కడి శరీరం వేరు. రోజుకు ఒక్కసారి చాలు. రికార్డు చేసి మీ అంకెతో పోల్చి చూసుకోండి. మోకాళ్ల నొప్పులు, బీపీ, గుండె ఇబ్బంది ఉన్నవాళ్లు మెట్ల జోలికి వెళ్లకండి.

సాహిత్యం. ఎప్పుడూ పల్లవి నుంచే వరుసగా పాడుకుంటూ పోతే అది గొలుసులా తయారవుతుంది. ఒక కొక్కెం ఊడితే తర్వాతది చేతికి రాదు. కాబట్టి ప్రతి కృతిలో ఐదారు మజిలీలు పెట్టుకోండి: అనుపల్లవి మొదటి మాట, దాని చివరి సంగతి, చరణం మొదలు, చరణం మూడో పాదం, వాగ్గేయకారుడి ముద్ర (సంతకం లాంటి పేరు) వచ్చే చోటు. వీటిని చీటీల మీద రాసి కలిపేసి, ఏ చీటీ వస్తే అక్కడి నుంచి సరైన ఎత్తుగడతో అందుకోవాలి. అనుభవజ్ఞులైన వాద్యకారులు పెద్ద రచనలను ఎలా గుర్తుంచుకుంటారో రోజర్ చాఫిన్ చాలా ఏళ్లు పరిశీలించారు. వాళ్లు చేసేది కూడా ఇలాంటి మజిలీలు పెట్టుకోవడమే. ఇంకో రెండు పనులు: రాగం లేకుండా తాళం వేస్తూ మాటలు మాత్రం చెప్పడం, వారానికి రెండుసార్లు చూడకుండా సాహిత్యం చేత్తో రాయడం. రాసేటప్పుడు చెయ్యి ఆగిన చోటే సభలో నోరూ ఆగుతుంది. అక్కడ పదవిభజన, అర్థం మళ్లీ చూసుకోండి.

అయినా మర్చిపోతే? చెయ్యి ఆగకూడదు, అదొక్కటే నియమం. పాడిన పాదాన్నే మరోసారి పాడండి. వినేవాళ్లు సంగతి తిప్పుతున్నారనుకుంటారు. అప్పటికీ మాట రాకపోతే ఆ వరుసనే అకారంలో (మాట లేకుండా "ఆ" అంటూ) పాడి, ఆవర్తనం నింపి పల్లవికి వచ్చేయండి. నాలుక కరుచుకోవడం, తల అడ్డంగా ఊపడం, గురువుగారి వైపు దీనంగా చూడటం చేస్తేనే తప్పు అందరికీ తెలుస్తుంది. దీన్ని కూడా సాధన చేయాలి. చరణం మధ్యలో ఎక్కడో ఒకచోట చప్పట్లు కొట్టమని ఇంట్లోవాళ్లకు చెప్పండి. వినగానే మాట వదిలేసి అకారంలోకి వెళ్లి, తాళం తప్పకుండా పల్లవికి రావాలి. పది పదిహేను సార్లు ఇలా బయటపడ్డాక చరణం అంటే ఉండే బెదురు చాలావరకు తగ్గుతుంది.


సౌండ్_అంబర్‌పేట:

మైక్ గురించి ఎవ్వరూ చెప్పలే కాబట్టి నేను చెప్తున్న మేడమ్. పాడేటోళ్లకు కంగారు ఎక్కువ అయ్యేది తమ గొంతు తమకు వినబడనప్పుడు. వినబడకుంటే మనిషి తెల్వకుండనే అరుస్తడు. అరిస్తే శ్రుతి పోతది, గొంతు అలిసిపోతది.

హాలుల పెద్ద స్పీకర్లు జనం దిక్కు తిరిగి ఉంటయి. వాటి శబ్దం వెనక గోడకు తగిలి మీ దగ్గరికి ఆలస్యంగ వస్తది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు పోతది. గోడ 20 మీటర్ల దూరంల ఉందనుకోండి, పోయి వచ్చేవరకు దగ్గర దగ్గర 120 మిల్లీసెకన్లు పడ్తది. ఆ తిరిగొచ్చిన గొంతును పట్టుకొని పాడితే తాళం వెనక్కి గుంజుతది. అందుకే మీ ముందర చిన్న మానిటర్ (మీ దిక్కు తిరిగిన స్పీకర్) ఉండాలె, దాన్నే వినాలె. అండ్ల ముందు తంబూరా, దాని మీద మీ గొంతు, వయొలిన్ కొంచెం. మృదంగం పక్కనే ఉంటది, మానిటర్ల పెద్దగ అవసరం పడది.

మైక్ నోటికి నాలుగు నుంచి ఆరు అంగుళాల దూరంల, గడ్డం కంటే కొంచెం కింద ఉండి నోటి దిక్కు చూడాలె. మరీ దగ్గరికి తీస్కుంటే మంద్రం (కింది స్థాయి) లావైతది, ప, భ లాంటి అక్షరాలకు గాలి ఢమ్మని కొడ్తది. మైక్ వెనక భాగం మానిటర్ దిక్కు ఉండాలె, అట్లయితేనే కూత పెట్టది. మైక్ తలకాయ మీద చెయ్యి మూసినా కూత వస్తది. కంగారుల ఉన్నోళ్లు ఊకె మైక్ జరుపుతుంటరు. ఒక్కసారి పెట్టినంక ముట్టొద్దు.

సౌండ్ చెక్‌ల "హలో హలో" అంటే మాకు ఏం తెల్వది. మీ పాటలల్ల అన్నిటికంటే పైకి పోయే సంగతి ఒకటి, కిందికి దిగే సంగతి ఒకటి పాడుండ్రి. దాన్ని బట్టి లెవెల్ పెడ్తం. మీది రెండో వంతు కాబట్టి విడిగ సౌండ్ చెక్ దొరకకపోవచ్చు. ఐదు, ఐదున్నరకే పోయి ఖాళీ స్టేజి మీద రెండు నిమిషాలు అడుగుండ్రి. ఎక్కువ పెట్టుమంటే వేలు పైకి, తక్కువకు వేలు కిందికి, ఇది ముందే మాట్లాడుకుంటే పాట నడుమ మైక్‌ల అడిగే పని ఉండది. మొహమాటపడకుండ్రి, తంబూరా వినబడ్తలేదు అంటే అది తప్పు మాట కాదు.

తంబూరా ఫోన్‌ల ఉంటే ఏరోప్లేన్ మోడ్ పెట్టుండ్రి, చార్జింగ్ నిండ ఉండాలె. బ్లూటూత్ మీద నమ్మకం పెట్టుకోవద్దు, వైరే మంచిది. ఫోన్‌కు గుండ్రటి పిన్ను రంధ్రం లేకుంటే కన్వర్టర్ మీరే తెచ్చుకోవాలె.


వర్ణం_కూకట్‌పల్లి:

ఇంత వివరంగా రాసినందుకు ఇద్దరికీ చాలా థాంక్స్. చీటీల పద్ధతి ఈరోజే మొదలుపెడుతున్నాను. ఇంకో రెండు సందేహాలు. ఆఫీసులో ఒకరు ప్రొప్రనొలాల్ మాత్ర ఒకటి గంట ముందు వేసుకుంటే వణుకు రాదంటున్నారు. నాకు ఉబ్బసం ఉంది, చలికాలంలో ఇన్‌హేలర్ వాడతాను. వేసుకోవచ్చా? రెండోది, కళ్లు మూసుకుని పాడితే జనం కనిపించరు కదా, అలా చేయొచ్చా? సాహిత్యం పుస్తకం ఎదురుగా పెట్టుకుంటే తప్పా?


డా_నల్లకుంట:

ఉబ్బసం అన్నారు కాబట్టి ముందు జవాబు: ఆ మాత్ర మీకు వద్దు. ప్రొప్రనొలాల్ గుండెతోపాటు ఊపిరిగొట్టాల మీద కూడా పనిచేస్తుంది. ఉబ్బసం ఉన్నవాళ్లలో గొట్టాలు ముడుచుకుని ఆయాసం ప్రమాదకరంగా ఎక్కువ కావచ్చు. చాలా రోజులుగా ఆయాసం రాలేదన్నా సరే, వద్దు.

ఇది చదివే మిగతావాళ్ల కోసం కొంచెం వివరంగా రాస్తాను. ఈ రకం మందులు సభాకంపానికి పనిచేస్తాయన్నది నిజమే. 1977లోనే ఆక్స్‌ప్రెనొలాల్ అనే సోదర మందును తంత్రీవాద్య కళాకారుల మీద పరీక్షించి లాన్సెట్ పత్రికలో ప్రచురించారు. ఇవి తగ్గించేది గుండె దడ, వణుకు లాంటి శరీర లక్షణాలను. మర్చిపోతానేమోనన్న ఆలోచన అలాగే ఉంటుంది. నాడి ముందే నెమ్మదిగా ఉన్నవాళ్లకు, బీపీ తక్కువగా ఉన్నవాళ్లకు, కొన్ని గుండె జబ్బులకు ఇవి పనికిరావు. మధుమేహానికి ఇన్సులిన్ వాడేవాళ్లలో చక్కెర పడిపోతున్నప్పుడు వచ్చే దడ, వణుకు తెలియకుండా చేస్తాయి. డాక్టర్లు సాధారణంగా 10 నుంచి 40 మిల్లీగ్రాముల మధ్య ఒక్క మోతాదు రాస్తారు, అదీ పరీక్ష చేశాకే. రాసిచ్చినా మొదటిసారి కచేరీ రోజున వేసుకోకూడదు, మామూలు రోజున వేసుకుని చూడాలి. పక్కవాళ్ల దగ్గర తీసుకుని వేసుకునే మాత్ర కాదిది. అల్ప్రజోలామ్ లాంటి మత్తుమందులు ఇంకా చెరుపు. జ్ఞాపకం, చురుకుదనం మందగిస్తాయి. పాటగాళ్లకు కావలసినవి ఆ రెండే.

ఇప్పుడు తిండి, నీళ్లు. అడ్రినలిన్ ప్రభావంతో పల్చటి లాలాజలం తగ్గి చిక్కటిది మిగులుతుంది. నోరు ఎండటం అంటే ఇదే. ఆ క్షణంలో గ్లాసుడు నీళ్లు తాగితే కడుపు బరువెక్కుతుంది తప్ప స్వరతంత్రులు తడవవు. మింగిన నీళ్లు వాటి మీదుగా పోవు. తడి లోపలి నుంచే రావాలి, దానికి సమయం పడుతుంది. కాబట్టి పొద్దున్నుంచీ కొంచెం కొంచెంగా తాగుతూ ఉండండి, కార్యక్రమానికి గంట ముందు తగ్గించి, వేదిక మీద చల్లగా లేని నీళ్లు ఒక్కో గుక్క తీసుకోండి. భయంలో మూత్రం ఎక్కువసార్లు వస్తున్నట్టు అనిపించడం మామూలే. పది నిమిషాల ముందు ఒకసారి వెళ్లి వస్తే ఆ చింత ఉండదు.

టీ, కాఫీల్లో ఉండే కెఫీన్ సగానికి తగ్గడానికే సుమారు ఐదు గంటలు పడుతుంది. ఏడు గంటలకు పాడాలంటే చివరి కప్పు మధ్యాహ్నం పన్నెండు లోపే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర దిగి, అలసట తీరుతుందని ఇరానీ చాయ్ తాగి సభకు వెళితే, భయానికి కెఫీన్ దడ తోడవుతుంది. రోజూ తాగేవాళ్లు ఆ రోజు పూర్తిగా మానేయవద్దు, తలనొప్పి వస్తుంది. పొద్దున కప్పు అలాగే ఉంచండి. ఖాళీ కడుపు కూడా వణుకు పెంచుతుంది. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలో, కొంచెం ఉప్మానో తినండి. బిర్యానీ, మిర్చిబజ్జీ కార్యక్రమం అయ్యాక. పుల్లటి తేన్పులు గొంతులోకి వస్తే స్వరం బొంగురుపోతుంది.

ఊపిరి గురించి ఒక హెచ్చరిక. "గట్టిగా ఊపిరి పీల్చు" అనే సలహా తరచు బెడిసికొడుతుంది. గబగబా పెద్ద ఊపిరులు తీస్తే రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గి తల తేలిపోతుంది, వేళ్లు తిమ్మిరెక్కుతాయి. అది చూసి భయం ఇంకా పెరుగుతుంది. ఊపిరి పెద్దది అక్కర్లేదు, నిదానంగా ఉండాలి. వదిలే సమయం పీల్చే సమయం కంటే ఎక్కువ ఉండాలి. మీకు అలంకారాలు (తాళాల్లో కట్టిన తొలి స్వర పాఠాలు) వచ్చు కాబట్టి రూపక తాళమే వాడుకోవచ్చు: ద్రుతం రెండు అక్షరాలకు ముక్కుతో పీల్చడం, లఘువు నాలుగు అక్షరాలకు వదలడం. అక్షరానికి ఒకటిన్నర సెకను చొప్పున వేసుకుంటే ఒక ఆవర్తనం తొమ్మిది సెకన్లు, అంటే నిమిషానికి ఆరేడు ఊపిరులు. ఐదు నిమిషాలు చాలు. రోజూ రాత్రి చేస్తే ఆ రోజు శరీరం త్వరగా అందుకుంటుంది. మొదటిసారి పక్కతెర వెనక మొదలుపెడితే పనిచేయదు.

ఒక్కటి విడిగా చెప్పాలి. భయం వేదికకే పరిమితం కాకుండా, ఆఫీసు మీటింగులు, ఫోన్లు, పెళ్లిళ్లు కూడా నెలల తరబడి తప్పించుకునేలా చేస్తుంటే అది వైద్యం అవసరమైన సంగతి. వైద్యంతో బాగా తగ్గుతుంది కూడా. టెలిమానస్ (ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్) నంబరు 14416కు ఫోన్ చేసి తెలుగులో మాట్లాడొచ్చు, డబ్బు కట్టక్కర్లేదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక వైద్యశాలలో ఓపీ ఉంది. అక్కడికి వెళ్లడానికి సిగ్గుపడాల్సింది ఏమీ లేదు.


రంగస్థలం_బాగ్‌లింగంపల్లి:

నాటకాలకు శిక్షణ ఇచ్చేవాళ్ల వైపు నుంచి రెండు మాటలు. కళ్ల సంగతి ముందు. గమకం మీద మనసు పెట్టినప్పుడు కళ్లు వాటంతట అవి మూతపడితే ఫరవాలేదు. జనాన్ని చూడకుండా ఉండాలని మూసుకుంటే మాత్రం నష్టం. ఎందుకంటే తెరిచిన ప్రతిసారీ భయం మళ్లీ మొదటి నుంచి మొదలవుతుంది. పక్కవాద్యాల సంజ్ఞలూ తప్పిపోతాయి. ఎదురుగా ఉన్నవాటిని చూస్తూ ఉంటేనే శరీరం "ఇక్కడ ప్రమాదం లేదు" అని నేర్చుకుంటుంది. మూడో నాలుగో వరుసలో, తల ఊపుతూ వినే ఇద్దరు ముగ్గురిని ఎంచుకుని, ఒక్కో పాదానికి ఒకరి వైపు చూడండి. మొదటి వరుసలో బంధువులను కూర్చోబెట్టకండి. వాళ్ల ముఖంలో కనిపించే ఆత్రుత మనకు అంటుకుంటుంది. లైట్లు వేసిన తర్వాత హాలు వెనక భాగం ఎలాగూ చీకటిగా ఉంటుంది.

మీ వణుకు మీకు తెలిసినంతగా చూసేవాళ్లకు తెలియదు. ఇది ఓదార్పు మాట అనుకోకండి. 2003లో కెనెత్ సవిట్‌స్కీ, థామస్ గిలోవిచ్ ప్రసంగాలు చేసేవాళ్ల మీద పరీక్షించి చూశారు. తాము ఎంత కంగారుగా కనిపించామనుకున్నారో, సభికులకు అంతకంటే తక్కువగానే కనిపించారు. పైగా ఈ సంగతి ముందే చెప్పినవాళ్లు ఇంకా బాగా మాట్లాడారు. దీన్ని మీరే సరిచూసుకోవచ్చు. పాడిన వెంటనే, వీడియో చూడకముందే, ఎంత వణికారో పదికి అంకె వేసుకోండి. మర్నాడు వీడియో చూసి మళ్లీ వేయండి. రెండో అంకె దాదాపు ఎప్పుడూ తక్కువే ఉంటుంది.

ఆరు వారాలు మెట్టు మెట్టుగా ఎక్కాలి. ఒక్కసారిగా గానసభకు దూకితే అది పరీక్ష అవుతుంది, అభ్యాసం కాదు. మొదటి వారం ఫోను కెమెరా ముందు, పొరపాటు వచ్చినా ఆపకుండా 25 నిమిషాలు. రెండో వారం ఇంట్లో ఇద్దరి ముందు. తర్వాత పక్క ఫ్లాట్ల వాళ్లు ఐదారుగురు, ఆ తర్వాత అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్, లేదా గుళ్లో శనివారం భజన తర్వాత ఒక పది నిమిషాలు. వినాయక నవరాత్రుల రోజులైతే వెతుక్కునే పనే లేదు, ప్రతి మండపంలోనూ పాడేవాళ్లు కావాలి. ఐదో వారం మీ గురువుగారి ఇంట్లో పక్కవాద్యాలతో, కచేరీ బట్టలతో పూర్తిగా ఒకసారి. కొత్త పట్టుచీర మొదటిసారి ఆ రోజే కడితే కూర్చున్నప్పుడు ఎక్కడ బిగుస్తుందో తెలియదు. నడుం దగ్గర ఊపిరి ఆడేలా ముందే చూసుకోవాలి. ప్రతి మెట్టు మీదా మొదట్లో, చివర్లో భయానికి పదికి అంకె వేయండి. చివరి అంకె మొదటిదానికి సగానికి వచ్చేదాకా అదే మెట్టు మళ్లీ చేయండి. మధ్యలో లేచిపోవడం ఒక్కటే చేయకూడదు. భయం పైన ఉన్నప్పుడు లేస్తే, తప్పించుకోవడమే మందు అని మనసు నేర్చుకుంటుంది.

ఆ రోజు పక్కతెర వెనక "శాంతించు, శాంతించు" అనుకోకండి. దడదడలాడే గుండెను శాంతించమంటే వినదు, వినలేదని ఇంకో కంగారు. హార్వర్డ్‌లో ఆలిసన్ వుడ్ బ్రూక్స్ 2014లో ప్రచురించిన ప్రయోగాల్లో, పాడటానికి ముందు "నాకు ఉత్సాహంగా ఉంది" అని పైకి అన్నవాళ్లు మిగతావాళ్ల కంటే బాగా పాడారు. ఉత్సాహంలోనూ గుండె అలాగే కొట్టుకుంటుంది కాబట్టి ఆ మాటను శరీరం ఒప్పుకుంటుంది. పైకి, గొంతుతో అనాలి.

ఇంకొకటి, కూకట్‌పల్లి నుంచి వస్తున్నారు కాబట్టి. ఆ రోజు మధ్యాహ్నం సెలవు పెట్టండి. కారులో అయితే పంజగుట్ట, ఖైరతాబాద్ దాటేసరికే ప్రాణం విసిగిపోతుంది. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కి ఎంజీబీఎస్‌లో ఆకుపచ్చ లైనుకు మారితే సుల్తాన్‌బజార్, నారాయణగూడ తర్వాత చిక్కడపల్లే. చుట్టుదారే అయినా ఎంతసేపు పడుతుందో ముందే తెలుస్తుంది. ఆలస్యమవుతుందేమోనన్న ఆందోళన, సభాకంపం ఒంట్లో ఒకేలా ఉంటాయి, ఒకదాని మీద ఒకటి పేరుకుంటాయి.


స్వరజతి:

కళ్ల విషయంలో పైన చెప్పినదానితో నేను పూర్తిగా ఏకీభవించను. తొలి కచేరీ చేసేవాళ్లకు వర్ణం మొదటి రెండు ఆవర్తనాలు కళ్లు మూసుకోవడం మేలు చేస్తుంది, తంబూరా మీద చెవి నిలుస్తుంది. రెండు ఆవర్తనాలే, ఆ తర్వాత తెరవాలి. అలవాటు చేసుకోవద్దన్న మాట మాత్రం నిజం.

పుస్తకం గురించి. ఎదురుగా పెట్టుకోవడం తప్పు కాదు, కానీ పుస్తకం ఉంటే కళ్లు దానిమీదే ఉంటాయి, తల వంగి గొంతు నొక్కుకుపోతుంది. భయంలో ఏ లైనులో ఉన్నామో కూడా కనిపించదు. దానికి బదులు పోస్టుకార్డు అంత అట్ట మీద, ప్రతి పాటకు మజిలీల మొదటి మాటలు మాత్రం పెద్ద అక్షరాలతో రాసి, కుడిమోకాలి పక్కన నేల మీద పెట్టుకోండి. కాలప్రమాణం అంకె కూడా అక్కడే. ఫోను తెరమీద సాహిత్యం వద్దు, సరిగ్గా అవసరమైనప్పుడే అది ఆరిపోతుంది. ఎడమచేత్తో తాళం వేసే అలవాటుంటే అట్ట అటువైపు.

పక్కవాద్యాల వాళ్లతో ముందే నాలుగు మాటలు మాట్లాడుకోవాలి. వయొలిన్ వాయించే ఆయనకు పాటల వరుస, రాగాలు, తాళాలు, ఎత్తుగడలు రాసిన కాగితం వారం ముందే ఇవ్వండి. "చరణంలో నేను ఆగితే మీరు ఆ పాదం వరుస గట్టిగా వాయించండి, అందుకుంటాను" అని చెప్పి ఉంచండి. అనుభవం ఉన్న వయొలిన్ విద్వాంసులు అడగకపోయినా చేస్తారు, అడిగితే ఇంకా సిద్ధంగా ఉంటారు. మృదంగం ఆయనతో "వేగం ఎక్కితే మీరు నాతో పాటు రావద్దు, నిలబెట్టండి, నేనే దిగుతాను" అనండి. చెప్పకపోతే గాయకులను అనుసరించడం మర్యాద అనుకుని ఆయన కూడా పరుగెత్తుతారు, ఇద్దరూ కలిసి చివరికి ఎక్కడ తేలతారో తెలియదు. పెద్దవాళ్లకు ఇలా చెప్పడం మొహమాటంగా ఉంటే, ఐదో వారం రిహార్సల్ రోజున మీ గురువుగారితో చెప్పించండి.